ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లు – ఏది వేగం? ఏది భద్రం?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు కవిత రాద్దామా, జ్ఞాపకాలు రాద్దామా అని ఆలోచించాం. జ్ఞాపకాలు రాయగలిగినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మేము పీజీలో దెబ్బ తిని నేర్చుకున్న పాఠం ఒకటి ఉంది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో మేమే మొదటివాళ్ళం. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలో, ఏది ఎందుకు వాడాలో చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. మీలో చాలామంది పరిస్థితీ ఇదే కాబట్టి ఆ పాఠాన్నే రాస్తున్నాం.

అసలు ఏం జరిగింది?

మన హాస్టల్ బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్నాయి. కొన్నింటికి చెదలు పట్టింది. వాటిలోని పేర్లన్నీ కంప్యూటర్‌లో ఎక్కిస్తే పూర్వ విద్యార్థుల జాబితా తయారవుతుందని వార్డెన్ సార్ అన్నారు. మేము ఉత్సాహంగా ఒప్పుకున్నాం. మేము చదివే చోట ల్యాబ్‌లో మూలన పడి ఉన్న ఒక పాత లైనక్స్ కంప్యూటర్ దొరికింది. అందులో మైఎస్‌క్యూఎల్ 5.1 ఉంది. అది 2008లో విడుదలైన వెర్షన్. పని జరిగితే చాలని, ఏ సెట్టింగూ చూడకుండా మొదలుపెట్టాం.

నాలుగు రాత్రులు కూర్చొని సుమారు నాలుగు వందల పేర్లు తెలుగులో టైపు చేశాం. ప్రతి పేరుకూ తెర మీద "సేవ్ అయింది" అని వచ్చింది. అయిదో రోజు జాబితా తెరిచి చూస్తే పేర్ల బదులు ప్రశ్నార్థకాలు కనిపించాయి. ఆ తప్పు సరిచేసి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి పొడుగు పేర్ల తోకలు తెగిపోయాయి. మూడోసారి పని సగంలో ఉండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక టేబుల్ పాడైంది, రిపేరు చేయాలి అనే సందేశం ఎదురైంది.

మిగతా రిజిస్టర్లు ఉన్నాయి కాబట్టి మళ్ళీ టైపు చేసుకున్నాం. కానీ బాగా చెదలు పట్టిన ఒక రిజిస్టరు చివరి పేజీలు మొదటిసారి తిప్పినప్పుడే పొడి పొడి అయిపోయాయి. ఆ పేజీల్లోని పేర్లు మేము టైపు చేసిన ప్రశ్నార్థకాల్లోనే ఉండిపోయాయి. రెండోసారి చూసుకోవడానికి కాగితం లేదు.

పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే ఏమవుతుందో మన హాస్టల్ పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా ఉందని మా మిత్రుడి స్కాలర్‌షిప్ ఆగిపోతే ఎన్నిసార్లు బస్సు ఎక్కి దిగాడో మేము చూశాం. అలాంటి మేమే అన్నల పేర్లు పోగొట్టాం. అప్పుడు కూర్చొని ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లు ఒక్కొక్కటీ చదివి, పోల్చి చూశాం.

రిలేషనల్ డేటాబేస్ అంటే ఏమిటి?

1970లో ఐబీఎం కంపెనీలో పనిచేసే ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశారు. సమాచారాన్నంతా టేబుళ్ళుగా పెట్టుకోవాలనీ, ఒక టేబుల్‌కూ ఇంకో టేబుల్‌కూ సంబంధం విలువల ద్వారానే ఉండాలనీ అందులో ప్రతిపాదించారు. దీన్నే రిలేషనల్ మోడల్ అంటాం. ఈ కృషికి ఆయనకు 1981లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

మన హాస్టల్‌నే తీసుకుందాం. అడ్మిషన్ రిజిస్టర్ ఒక టేబుల్. ఒక్కో విద్యార్థిది ఒక్కో వరుస. అడ్మిషన్ నంబరు ఎవరిది వారిదే, ఇద్దరికి ఒకే నంబరు ఉండదు. ఇది ప్రైమరీ కీ. హాజరు పట్టీ ఇంకో టేబుల్. అందులో పేరు మళ్ళీ రాయకుండా అడ్మిషన్ నంబరు మాత్రమే రాస్తే చాలు. ఇది ఫారిన్ కీ. అడ్మిషన్ రిజిస్టర్‌లో లేని నంబరును హాజరు పట్టీలో రాయబోతే డేటాబేస్ ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే లేని పిల్లవాడికి కూడా హాజరు పడుతుంది.

నలుగురి పరిచయం

ఓపెన్ సోర్స్ అంటే ప్రోగ్రామ్ మూలం అందరికీ తెరిచి ఉంటుంది. చదవవచ్చు, మార్చుకోవచ్చు, డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. పెద్ద వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్, మనం పెన్ డ్రైవ్‌లో తెచ్చుకునే సాఫ్ట్‌వేర్ ఒకటే కావడం మనలాంటి వాళ్ళకు చిన్న విషయం కాదు. వాటిలో ముఖ్యమైనవి నాలుగు.

1. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్: అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో 1986లో పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు మొదలైంది. తర్వాత దానికి ఎస్‌క్యూఎల్ భాష కలిసింది. 1996లో ఇప్పటి పేరు వచ్చింది. ఇది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. లైసెన్సు కూడా చాలా ఉదారమైనది. మాటల్లో అందరూ పోస్ట్‌గ్రెస్ అనే అంటారు.

2. మైఎస్‌క్యూఎల్: 1995లో స్వీడన్‌లో పుట్టింది. ముఖ్య రూపకర్త మైఖేల్ విడేనియస్. ఆయన కూతురు పేరు మై. డేటాబేస్‌కు ఆ పేరే పెట్టారు. 2008లో సన్ కంపెనీ దీన్ని కొన్నది. 2010లో ఆ సన్‌ను ఒరాకిల్ కొన్నది. జీపీఎల్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది. ఒరాకిల్ దగ్గర డబ్బు కట్టి తీసుకునే వెర్షన్ కూడా ఉంది.

3. మరియాడీబీ: మైఎస్‌క్యూఎల్ ఒరాకిల్ చేతికి వెళ్తుందన్న సమయంలో, 2009లో విడేనియస్ దాని మూలం నుంచే వేరు చేసి మొదలుపెట్టిన డేటాబేస్ ఇది. ఆయన చిన్న కూతురు పేరు మరియా. మొదట్లో రెండూ కవలల్లా ఉండేవి. ఇప్పుడు వేర్వేరు దారుల్లో పెరిగాయి. ఒకదానిలో రాసినది రెండోదానిలో అచ్చంగా పనిచేస్తుందని అనుకోకూడదు.

4. ఎస్‌క్యూలైట్: 2000లో రిచర్డ్ హిప్ తయారుచేశారు. దీనికి సర్వర్ ఉండదు. డేటాబేస్ మొత్తం ఒకే ఫైల్. ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఇది ఉంటుంది. అంటే చాలామంది జేబులో ఇప్పటికే ఒక రిలేషనల్ డేటాబేస్ ఉంది. దీనికి కాపీరైటే లేదు, ప్రజలందరి ఆస్తిగా వదిలేశారు.

మొదటి పరీక్ష: తప్పు ఇస్తే ఏం చేస్తుంది?

డేటాబేస్‌ను సరైన డేటాతో పరీక్షిస్తే అన్నీ పాసవుతాయి. తప్పు డేటా ఇచ్చినప్పుడే దాని గుణం తెలుస్తుంది.

ముందు మన లిపి సంగతి. తెలుగు అక్షరాలను కంప్యూటర్ యూనికోడ్ సంకేతాలుగా దాస్తుంది. "శ్రీలక్ష్మి" అనే పేరు చూడటానికి మూడు అక్షరాలే. కానీ శ, పొల్లు, ర, దీర్ఘ ఈకారం... ఇలా లెక్కపెడితే 11 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, మొత్తం 33 బైట్లు. "వెంకటేశ్వర్లు" కంటికి అయిదు అక్షరాలు. లోపల 13 సంకేతాలు, 39 బైట్లు. పేరుకు 20 సరిపోతుందిలే అని మేము గడి కట్టాం. ఇంటి పేరు కలిపేసరికి 20 దాటిపోయింది. పేర్ల తోకలు తెగింది అందుకే. మనం చూసే అక్షరాలు వేరు, డేటాబేస్ లెక్కపెట్టే అక్షరాలు వేరు. తెలుగు పేర్లకు గడి ఎప్పుడూ విశాలంగా కట్టాలి.

గడి దాటిన పేరు ఇస్తే ఒక్కో డేటాబేస్ ఇలా చేస్తుంది:

పాత మైఎస్‌క్యూఎల్, కఠిన పద్ధతి ఆన్ చేయకపోతే, పేరును నరికి దాచుకుంటుంది. ఒక హెచ్చరిక ఇస్తుంది గానీ అడిగితేనే చూపిస్తుంది. 2015లో వచ్చిన 5.7 వెర్షన్ నుంచి కఠిన పద్ధతి ముందే ఆన్ అయి ఉంటుంది. అప్పుడు తప్పు చూపించి ఆగుతుంది.

పోస్ట్‌గ్రెస్ తీసుకోదు. విలువ మరీ పొడుగైందని చెప్పి ఆగిపోతుంది.

ఎస్‌క్యూలైట్ 20 అన్న పరిమితినే పట్టించుకోదు. పేరు మొత్తం దాచుకుంటుంది. అంతే కాదు, అంకె ఉండాల్సిన గడిలో అక్షరాలు ఇచ్చినా మామూలుగా ఒప్పుకుంటుంది. వద్దనుకుంటే 2021లో వచ్చిన కఠిన టేబుల్ పద్ధతి వాడాలి.

ఇక ప్రశ్నార్థకాలు. మా పాత మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ అక్షర సమితి లాటిన్. అందులో తెలుగుకు చోటు లేదు. మేము యూటీఎఫ్-8లో పంపిన ప్రతి సంకేతాన్నీ అది మార్చబోయి, మార్చలేక, ఒక ప్రశ్నార్థకం పెట్టింది. శ్రీలక్ష్మికి 11 ప్రశ్నార్థకాలు. వాటి నుంచి పేరు తిరిగి రాదు. 2018లో వచ్చిన 8.0 వెర్షన్‌లో మైఎస్‌క్యూఎల్ కొత్త డేటాబేస్‌లకు నాలుగు బైట్ల యూటీఎఫ్-8ను మామూలు పద్ధతిగా చేసింది. కాబట్టి ఇప్పుడు నేర్చుకునేవాళ్ళకు ఈ బాధ తక్కువ. అయినా ఏ డేటాబేస్‌లోనైనా మొదట ఒక తెలుగు పేరు ఎక్కించి, తిరిగి చదివి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. ఆ రెండు నిమిషాలు పెట్టి ఉంటే మాకు ఆ పేజీ దక్కేది.

మరో తప్పు. మన హాస్టల్లో 3 నుంచి 10 తరగతుల పిల్లలుంటారు. వేలు జారి 10 బదులు 100 కొడితే? తరగతి 3కూ 10కీ మధ్య ఉండాలని టేబుల్‌లోనే షరతు రాయవచ్చు. దీన్ని చెక్ షరతు అంటారు. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ దీన్ని ఖచ్చితంగా పాటిస్తాయి. మైఎస్‌క్యూఎల్ 2019లో వచ్చిన 8.0.16 వరకు షరతును చదివి ఊరుకునేది, అమలు చేసేది కాదు. మరియాడీబీ 10.2 వెర్షన్ నుంచి అమలు చేస్తోంది. ఫారిన్ కీ విషయంలో పోస్ట్‌గ్రెస్ నమ్మకమైనది. ఎస్‌క్యూలైట్‌లో మాత్రం కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఆ తనిఖీని మనమే ఆన్ చేసుకోవాలి. ఈ సంగతి తెలియక మోసపోయేవాళ్ళు చాలామంది.

రెండో పరీక్ష: కరెంటు పోతే?

స్టోరు రిజిస్టరులో 50 కిలోల బియ్యం తగ్గించి, వంటశాల ఖాతాలో 50 కిలోలు కలపాలి. మొదటి పని అయ్యాక, రెండో పని కాకముందే కరెంటు పోయింది. బియ్యం స్టోరులోనూ లేదు, వంటశాలలోనూ లేదు. తనిఖీకి వచ్చినవాళ్ళకు వార్డెన్ సార్ ఏం చెప్పాలి?

ఈ రెండు పనులనూ కలిపి ఒకే ముడి వేయడాన్ని ట్రాన్సాక్షన్ అంటారు. అయితే రెండూ అవ్వాలి, లేదా ఒక్కటీ కాకూడదు. చివర కమిట్ అంటే ఖాయం చేయడం. రోల్‌బ్యాక్ అంటే మొదటికి తేవడం. మంచి డేటాబేస్‌కు ఉండాల్సిన నాలుగు గుణాలను యాసిడ్ అంటారు: పని మొత్తంగా జరగడం, నియమాలు తప్పకపోవడం, ఒకరి పని మధ్యలో ఇంకొకరికి కనిపించకపోవడం, ఖాయమైనది చెరిగిపోకపోవడం. ఇంటర్వ్యూల్లో దాదాపు ప్రతి చోటా ఈ ప్రశ్న అడుగుతారు. నాలుగు పేర్లు బట్టీ పట్టి అప్పజెప్పడం కంటే బియ్యం ఉదాహరణ చెప్పండి.

ఇది సాధ్యమయ్యేది లాగ్ వల్ల. టేబుల్‌ను మార్చేముందే ఏం మార్చబోతున్నదీ ఒక ప్రత్యేక ఫైలులో రాసి, అది డిస్కుకు చేరాకే కమిట్ అయిందని చెబుతుంది. కరెంటు వచ్చాక ఆ ఫైలు చదువుకొని లెక్క సరిచేసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ ఇంజన్ ఈ పద్ధతిలోనే నడుస్తాయి. ఎస్‌క్యూలైట్ అంత చిన్నదైనా, దానికీ యాసిడ్ గుణాలు పూర్తిగా ఉన్నాయి.

మరి మాకెందుకు పాడైంది? మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే ఇంజన్‌ను మార్చుకునే వీలుంది. 5.1 వరకు మామూలుగా వచ్చేది మైఐసామ్ ఇంజన్. దానికి ట్రాన్సాక్షన్లు లేవు, ఫారిన్ కీ అమలు లేదు, కరెంటు పోతే టేబుల్ పాడయ్యే ప్రమాదం ఉంది. 2010లో వచ్చిన 5.5 నుంచి ఇన్నోడీబీ మామూలు ఇంజన్ అయింది. ఇన్నోడీబీ 5.1లోనూ ఉంది. అడిగి తీసుకోవాల్సింది మేమే, అడగాలని మాకు తెలియలేదు.

ఇంకో తేడా గుర్తుంచుకోండి. కొత్త టేబుల్ కట్టడం, గడి కలపడం వంటి పనులను కూడా పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్‌లలో రోల్‌బ్యాక్ చేయవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ నిర్మాణం మార్చే ఆజ్ఞ ఇస్తే, అంతవరకు చేసిన పని దానంతట అదే కమిట్ అయిపోతుంది.

మూడో పరీక్ష: వేగం

"ఏది ఫాస్ట్ అన్నా?" అని జూనియర్లు ముందుగా అడిగేది ఇదే. మేమూ అలాగే అడిగేవాళ్ళం. జవాబు ఒక్క ముక్కలో రాదు. మూడు సంగతులు చూడాలి.

మొదటిది, కమిట్ ఖరీదు. పాత రకం హార్డ్ డిస్కు నిమిషానికి 7200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. ఎస్‌క్యూలైట్ రూపకర్తల లెక్క ప్రకారం ఒక్క కమిట్ భద్రంగా డిస్కుకు చేరాలంటే సుమారు రెండు తిరుగుళ్ళు కావాలి. అంటే సెకనుకు 60 కమిట్లు. అదే డేటాబేస్ ఒకే ట్రాన్సాక్షన్‌లో సెకనుకు 50,000కు పైగా వరుసలు ఎక్కించగలదని కూడా వాళ్ళే చెబుతారు. లెక్క వేద్దాం. 60,000 వరుసలను ఒక్కొక్కటిగా కమిట్ చేస్తే 1000 సెకన్లు, దాదాపు 17 నిమిషాలు. అన్నీ కలిపి ఒకే కమిట్ చేస్తే ఒకటి రెండు సెకన్లు. డేటాబేస్ మారలేదు, మన పద్ధతి మారింది. ఇప్పటి ఎస్‌ఎస్‌డీ డిస్కుల్లో ఆ తేడా తగ్గుతుంది గానీ సూత్రం నాలుగు డేటాబేస్‌లకూ ఒకటే.

ఇక్కడే ఒక మోసం జరుగుతుంది. కమిట్ డిస్కుకు చేరేదాకా ఆగకుండా ముందే "అయింది" అని చెప్పేలా సెట్టింగు మార్చుకునే వీలు మైఎస్‌క్యూఎల్‌లోనూ పోస్ట్‌గ్రెస్‌లోనూ ఉంది. వేగం పెరుగుతుంది. కరెంటు పోతే చివరి క్షణాల పని పోతుంది. ఒకదాన్ని భద్రంగా, ఇంకోదాన్ని వదులుగా పెట్టి పోల్చి ఇదే ఫాస్ట్ అంటే అది పోలిక కాదు. మైఐసామ్‌కు ఒకప్పుడు వచ్చిన వేగం పేరులో చాలాభాగం ఈ భద్రత లేకపోవడం వల్లే. ఎవరైనా వేగం గురించి చెబితే, దానికోసం ఏం వదిలేశారని అడగండి.

రెండోది, డేటా అమరిక. ఇన్నోడీబీ వరుసలను ప్రైమరీ కీ క్రమంలోనే పేర్చుతుంది, ట్రంకు పెట్టెలను నంబరు వారీగా పెట్టినట్టు. నంబరు చెబితే నేరుగా పెట్టె దగ్గరికి వెళ్తాం. పేరు చెబితే మాత్రం పేర్ల పట్టీలో ముందు నంబరు చూసి, తర్వాత పెట్టె దగ్గరికి వెళ్ళాలి. పోస్ట్‌గ్రెస్ పెట్టెలను చోటున్న దగ్గర పెడుతుంది. ప్రతి ఇండెక్సులోనూ పెట్టె ఉన్న చోటు రాసి ఉంటుంది.

వరుసను మార్చినప్పుడు తేడా ఇంకా తెలుస్తుంది. పోస్ట్‌గ్రెస్ పాత వరుసను చెరపదు. కొత్తది వేరే రాసి, పాతది అలాగే ఉంచుతుంది. అప్పటికే పాతది చదువుతున్నవాళ్ళకు ఇబ్బంది ఉండదు. అందరూ తినేసి వెళ్ళాక మన కామాటి హాలు ఊడ్చినట్టు, తర్వాత వాక్యూమ్ అనే పని వచ్చి పాతవి ఊడ్చేస్తుంది. ఇన్నోడీబీ అయితే ఉన్నచోటే మార్చి, పాత విలువను రఫ్ నోట్సులో ఉంచుకుంటుంది. అస్తమానం మార్పులు జరిగి, ఇండెక్సులు ఎక్కువ ఉన్న టేబుళ్ళలో పోస్ట్‌గ్రెస్‌కు రాత పని పెరుగుతుంది. ఊబర్ కంపెనీ 2016లో పోస్ట్‌గ్రెస్ నుంచి మైఎస్‌క్యూఎల్‌కు మారడానికి చెప్పిన కారణాల్లో ఇది ఒకటి. మారిన గడి ఏ ఇండెక్సులోనూ లేకుండా, అదే పేజీలో చోటుంటే పోస్ట్‌గ్రెస్ ఆ అదనపు పని తప్పించుకుంటుంది. ఈ సౌకర్యం 2008లో వచ్చిన 8.3 నుంచి ఉంది.

మూడోది, ఒకేసారి ఎంతమంది వస్తారు? ఎస్‌క్యూలైట్‌లో ఎంతమందైనా చదవవచ్చు గానీ రాసేది ఒక సమయంలో ఒక్కరే. హాస్టల్లో ఒకే కుళాయి ఉన్నట్టు. పదిమందికి ఇబ్బంది లేదు, వందమంది బకెట్లతో వస్తే వరుస పెరుగుతుంది. మైఎస్‌క్యూఎల్ ప్రతి కనెక్షన్‌కూ ఒక థ్రెడ్ ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఒక పూర్తి ప్రాసెస్ ఇస్తుంది, కాబట్టి మెమరీ ఎక్కువ పడుతుంది. వందల కనెక్షన్లు వచ్చే చోట పీజీబౌన్సర్ లాంటి మధ్యవర్తిని పెడతారు. మరోవైపు అనేక టేబుళ్ళు కలిపి పెద్ద లెక్కలు తీసే ప్రశ్నల్లో పోస్ట్‌గ్రెస్ ప్లానర్‌కు మంచి పేరుంది. ఒకే ప్రశ్నను అనేక ప్రాసెసర్లకు పంచే పద్ధతి దానికి 2016 నుంచి ఉంది.

ఇతర సౌకర్యాలు

పోస్ట్‌గ్రెస్‌లో మెటీరియలైజ్డ్ వ్యూలు, టేబుల్‌లో కొంత భాగానికే కట్టే ఇండెక్సులు ఉన్నాయి. పోస్ట్‌జీఐఎస్ కలుపుకుంటే మ్యాపుల పని చేయవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2009లో మైఎస్‌క్యూఎల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారింది. మైఎస్‌క్యూఎల్‌లో ఒక సర్వర్ డేటాను ఇంకో సర్వర్‌కు నకలు పంపే రెప్లికేషన్ మొదటినుంచీ సులువు. వర్డ్‌ప్రెస్ వంటి వెబ్ సాఫ్ట్‌వేర్లు దాని మీదే నడుస్తాయి, మామూలు హోస్టింగ్ ఎక్కడ తీసుకున్నా దొరుకుతుంది. కానీ ఫుల్ అవుటర్ జాయిన్ లేదు, రెండు జాయిన్లను యూనియన్‌తో కలుపుకోవాలి. వికీపీడియా 2013లో మైఎస్‌క్యూఎల్ నుంచి మరియాడీబీకి మారింది. అంటే మన తెలుగు వికీపీడియాలో మీరు చదివే వ్యాసాల వెనుక ఉన్నది మరియాడీబీ.

ఒకరు అటు నుంచి ఇటు, ఇంకొకరు ఇటు నుంచి అటు మారారు. ఎవరి పనికి వాళ్ళు చూసుకున్నారు. ఎవరూ తెలివితక్కువవాళ్ళు కారు.

ఏ పనికి ఏది?

• ఒక్క కంప్యూటర్లో ఒక్కరు రాసే స్టోరు లెక్కలు, మొబైల్ యాప్, చిన్న ప్రాజెక్టు: ఎస్‌క్యూలైట్. బ్యాకప్ అంటే పని ఆపి ఆ ఫైలును కాపీ చేసుకోవడమే.

• మామూలు వెబ్‌సైటు, తక్కువ ఖర్చు హోస్టింగ్: మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ. పాత వెర్షన్ మాత్రం వాడకండి. ఇన్నోడీబీ, కఠిన పద్ధతి, నాలుగు బైట్ల యూటీఎఫ్-8, ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి.

• తప్పు డేటా అస్సలు లోపలికి రాకూడని చోట, చిక్కు లెక్కలు ఉన్న చోట: పోస్ట్‌గ్రెస్.

మేము చివరకు పూర్వ విద్యార్థుల జాబితాను పోస్ట్‌గ్రెస్‌లో పెట్టాం. వేగం కోసం కాదు. వందల పేర్లకు ఏదైనా వేగంగానే ఉంటుంది. తప్పు జరిగితే మొహం మీద చెప్పే గుణం కోసం. మెస్ లెక్కలకు మాత్రం వార్డెన్ సార్ కంప్యూటర్‌లో ఎస్‌క్యూలైట్ చాలు.

తమ్ముళ్ళకు నాలుగు మాటలు

సొంత కంప్యూటర్ లేదని ఆగకండి. ఎస్‌క్యూలైట్ ప్రోగ్రామ్ చాలా చిన్నది. పెన్ డ్రైవ్‌లో పెట్టుకొని ఏ ల్యాబ్‌లోనైనా గంటసేపు సాధన చేయవచ్చు. ముందు కాగితం మీద మన హాస్టల్ టేబుళ్ళు గీయండి: విద్యార్థులు, హాజరు, స్టోరు, పుస్తకాలు. కీలు గుర్తించండి. తర్వాత జాయిన్లు, ఆ తర్వాత ట్రాన్సాక్షన్లు, ఇండెక్సులు. రిలేషనల్ మోడల్ అర్థమైతే ఏ డేటాబేస్ అయినా నెలలో చేతికి వస్తుంది. పోస్ట్‌గ్రెస్ వారి మాన్యువల్ ఉచితం. ఇంగ్లీషు కష్టమనిపిస్తే రోజుకు ఒక్క పేజీ చదవండి. మేమూ నిఘంటువు పక్కన పెట్టుకొనే మొదలుపెట్టాం.

ఇంటర్వ్యూలో "ఏ డేటాబేస్ మంచిది?" అని అడిగితే ఒక పేరు చెప్పేసి కూర్చోకండి. ఒకసారి మేము వెంటనే "మైఎస్‌క్యూఎల్ సార్, ఫాస్ట్ కాబట్టి" అన్నాం. "ఏ ఇంజన్‌తో? ఏ సెట్టింగుతో?" అని అడిగారు. నోరు మెదపలేకపోయాం, ఉద్యోగం రాలేదు. పనేమిటి, ఎంతమంది రాస్తారు, డేటా పోతే నష్టమెంత అని తిరిగి అడగడమే సరైన జవాబుకు మొదలు.

అన్నలకు ఒక మనవి

వార్షికోత్సవం రోజు జాబితా ప్రింటు తీసి డైనింగ్ హాలు గోడకు అంటిస్తాం. పక్కనే ఒక నోటుబుక్కు, పెన్ను ఉంటాయి. మీ పేరు, ఇంటి పేరు, చదివిన సంవత్సరాలు సరిగా ఉన్నాయో లేదో చూడండి. తప్పుంటే మీ చేత్తో సరిచేయండి. పేరే లేకపోతే అది చెదలు తిన్న ఆ పేజీల్లోది కావచ్చు, తప్పు మాది. మీ పేరుతో పాటు మీ పక్క మంచం మీద పడుకున్నవాళ్ళ పేర్లు గుర్తుంటే అవి కూడా రాయండి. డేటాబేస్ పోగొట్టిన పేర్లు మీకు గుర్తుంటాయని మా నమ్మకం. ఈసారి వాటిని ఎక్కించి, తిరిగి చదివి, మీకు చూపించాకే కమిట్ చేస్తాం.